చివరి వీధి కుళాయికి క్లోరిన్ అందడం లేదు, ఎవరిని అడగాలి?

కాలవగట్టు | జూలై 6, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది కృష్ణా కాలువ నీళ్లు తాగే మున్సిపల్ టౌను. కాలువ నీళ్లు చెరువులో నింపి, ఫిల్టర్ బెడ్ల మీదుగా పంపి, ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కించి పొద్దున గంట, సాయంత్రం గంట వదులుతారు. మా వీధి లైనుకి ఆఖరున ఉంటుంది.

వానలు మొదలైన వారానికే మా అత్తగారికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. అదే వారం మా వరసలో ఇంకో నాలుగిళ్లలో ఇదే పరిస్థితి. పక్కింటి బాబుకి ఐదేళ్లు. వాడు నీరసంతో కళ్లు తేలేస్తే చూడలేకపోయాను.

నేను స్కూల్లో సైన్స్ చెబుతాను. మా ల్యాబులో క్లోరోస్కోప్ ఉంది, చుక్కలు వేసి రంగుని బట్టి నీటిలో క్లోరిన్ కొలిచే పరికరం. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు తిరుగుతాయి. నిన్న పొద్దున కుళాయి రాగానే ఒకసారి, పావుగంట ఆగి ఇంకోసారి నీళ్లు పట్టి చుక్కలు వేశాను. రెండుసార్లూ పసుపు జాడే లేదు. ట్యాంకుకి దగ్గర్లో ఉండే మా తోటి టీచర్ ఇంటి నీళ్లు మాత్రం చక్కగా నిమ్మపండు రంగు తిరిగాయి. ఆఫీసుకి వెళ్లి అడిగితే ట్యాంకు దగ్గర రోజూ చూస్తున్నామని, రిజిస్టర్లో రాస్తున్నామని చెప్పారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేను అనుకోవడం లేదు. ట్యాంకు దగ్గర నీళ్లు బాగానే ఉన్నాయి, మా ఇంటికి వచ్చేసరికి బాగా లేవు. ఆ మధ్యలో జరిగేది చూడాల్సింది ఎవరు? తెలిసినవాళ్లు చెప్పండి.

ల్యాబ్‌బల్ల | జూలై 6, రాత్రి 10:05

అమ్మా, ముందు అత్తగారి ఆరోగ్యం జాగ్రత్త. ఇంట్లో అందరికీ నీళ్లు తెర్లేదాకా కాచి, మూతపెట్టిన గిన్నెలోంచి గరిటెతో తీసి ఇవ్వండి. చెయ్యి ముంచవద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గర పెట్టుకోండి.

నేను నీటి పరీక్షల ల్యాబులో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. మీరు చేసింది సరైన పరీక్షే. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, 2012లో సవరించినది. అందులో క్లోరిన్ కలిపిన నీటికి వాడకందారు కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ (సూక్ష్మజీవుల్ని చంపాక కూడా నీటిలో విడిగా మిగిలేది) ఉండాలని ఉంది. కుళాయి దగ్గర అనే మాట గమనించండి, ట్యాంకు దగ్గర అని లేదు. వైరస్‌ల భయం ఉన్నప్పుడు 0.5 ఉండాలి. మలం నుంచి వచ్చే ఈ.కోలై బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడా కనిపించకూడదు. ఇందులో సడలింపు లేదు.

క్లోరిన్ తగ్గిపోవడానికి రెండు కారణాలు. దూరం వల్ల కొంత తగ్గుతుంది, అది మామూలే. కానీ మురుగు కలిస్తే ఉన్న క్లోరిన్ అంతా దాన్ని చంపడానికే ఖర్చయిపోతుంది. ట్యాంకు దగ్గర బాగా ఉండి మీ దగ్గర పూర్తిగా సున్నా అంటే నా అనుమానం రెండోదాని మీదే. మన ఊళ్లలో నీళ్లు వదిలే రెండు గంటలు తప్ప మిగతా రోజంతా పైపు ఖాళీ. లోపల ఒత్తిడి ఉండదు. పైపు పక్కన మురుగు నిలిచి ఉంటే చిల్లులోంచి లోపలికి పోతుంది. తర్వాత నీళ్లు వదలగానే ముందు వచ్చేది అదే. ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగితే ఇంకా ఘోరం.

చిన్న సలహా. మీ స్కూల్లో ఉన్నది ఆర్థో టోలిడీన్ చుక్కలైతే అది మొత్తం క్లోరిన్ చూపిస్తుంది, విడి క్లోరిన్‌ని వేరుచేసి చెప్పదు. ఆ రసాయనం చేతికి అంటడం కూడా మంచిది కాదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ మాత్రల కిట్ తెచ్చుకోండి.

శ్రీను_విజయవాడ | జూలై 6, రాత్రి 10:31

మేడం, ఇవన్నీ తిరిగేసరికి మన ఆయుష్షు అయిపోతుంది. మేము ఆరేళ్లుగా వాటర్ టిన్నులే. ఇరవై లీటర్లు ఇంటికి తెచ్చి పెడతారు. లేదా ఆర్వో మిషన్ పెట్టించుకోండి. టెన్షన్ ఉండదు.

ల్యాబ్‌బల్ల | జూలై 6, రాత్రి 10:58

శ్రీను గారూ, టిన్ను నీళ్ల మీద నాకు అంత నమ్మకం లేదు. ఆర్వో పొర ఉప్పుని తీసేస్తుంది. తర్వాత ఆ నీటిలో క్లోరిన్ ఉండదు. సరిగ్గా కడగని టిన్నులో పోస్తే బ్యాక్టీరియా పెరగడానికి అడ్డేమీ ఉండదు. సీలు వేసిన బాటిల్ నీళ్లకి లైసెన్సు, తనిఖీ ఉంటాయి. వీధి ప్లాంటులో మూత తిప్పి ఇచ్చే టిన్నుకి ఎవరు పరీక్ష చేస్తున్నారో మీరే ఒకసారి అడిగి చూడండి.

పైగా కాలువ నీటిలో ఉప్పు శాతం ఎక్కువ ఉండదు. నీటిలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న చోట ఆర్వో వాడకాన్ని ఆపమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది, ఎందుకంటే అది బయటికి పారబోసే నీళ్లు చాలా ఎక్కువ. ఈ వీధి సమస్య ఉప్పు కాదు, మురుగు.

కిట్అక్క | జూలై 7, ఉదయం 6:40

మాది పల్లెటూరు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి నీళ్లు పరీక్ష చేయడం నేర్పించారు, అందులో నేనొకదాన్ని. టీచర్ గారూ, మాకు ఇచ్చిన కిట్‌లో ఒక చిన్న సీసా ఉంటుంది. అందులో గీత దాకా నీళ్లు పోసి మూతపెట్టి ఒకటి రెండు రోజులు గది వేడిలో ఉంచాలి. నల్లగా మారితే నీటిలో మలం కలిసిందని అనుమానించాలి. మొదటిసారి మా వాటర్ ట్యాంకు కింద ఉన్న కుళాయి నీళ్లు నల్లగా మారినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ నీళ్లే అంగన్‌వాడీ పిల్లలు తాగుతున్నారు.

అయితే సీసా నల్లబడకపోతే నీళ్లు మంచివని గ్యారంటీ కాదని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. నల్లబడితే మాత్రం వెంటనే ల్యాబుకి పంపాలి.

మాకు ఇంకో కష్టం ఉంది. ఫలితం యాప్‌లో ఎక్కిస్తాం. ఎక్కించాక ట్యాంకు కడిగే మనిషి రావాలంటే మళ్లీ మేమే పది ఫోన్లు చేయాలి. అయినా మానలేదు. ఇప్పుడు పంచాయతీ గోడ మీద నల్ల రంగు పూసి, నెల నెలా ఫలితం సుద్దతో రాస్తున్నాం. గోడ మీద రాయడం మొదలుపెట్టాక ట్యాంకు కడగడం ఆగలేదు.

మర్రిగూడ_బిడ్డ | జూలై 7, ఉదయం 8:15

కిట్అక్క చెప్పిన గోడ ముచ్చట నాకు మస్తు నచ్చింది. మా దిక్కు బాధ వేరే. మాది పాత నల్లగొండ జిల్లా, ఫ్లోరైడ్ ప్రాంతం. మా తాత నడుము వంగిపోయి, మెడ తిప్పలేక, మంచం మీద పదేండ్లు గడిపిండు. బావి నీళ్లు తియ్యగ ఉండేవని చెప్పేటోడు. ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మంచి నీళ్లేనని నమ్మి తాగిండ్రు.

ప్రమాణం ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దారి లేకుంటే 1.5 దాకా. కాచితే అది పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతది. అందుకే అందరికీ చెప్తున్న, కాచుడు సూక్ష్మజీవులకి మందు గాని ఫ్లోరైడ్‌కి కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దానికి ప్రపంచమంతా మా జిల్లా పేరే, నల్లగొండ టెక్నిక్ అంటరు. పేరు వచ్చింది గాని మా ఊర్లల్ల బాధ ఆ పద్ధతితో తీరలేదు. రోజూ పటిక కలపాలె, బురద తీయాలె, కొలవాలె. ఎవరు చేస్తరు? చివరికి కృష్ణా నీళ్లు పైపుల వచ్చినంకనే జరంత నిమ్మళమైంది.

ఇప్పుడు నా భయం ఏంటంటే, నల్లా నీళ్లు రెండు రోజులు బంద్ అయితే జనం మళ్లీ బోరు కాడికే పోతున్నరు. మా ఊర్ల రెండు బోర్లకి తాగొద్దని ఎర్ర రంగు వేసిండ్రు. రంగు వెలిసిపోయింది. చిన్న పిల్లలకి ఆ రంగు ఎందుకేసిండ్రో తెల్వదు. నీళ్లు మంచిగున్నయా అనేదానితో పాటు రోజూ వస్తున్నయా అనేది కూడా నాణ్యత కిందికే లెక్క వేయాలె.

ఒంటారియో_తెలుగు | జూలై 7, మధ్యాహ్నం 12:20

కాలవగట్టు గారూ, మీరు రిజిస్టర్ అనగానే ఒక ఊరు గుర్తొచ్చింది. నేను కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో మున్సిపల్ నీటి సరఫరా విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ ఆపరేటర్ లైసెన్స్ శిక్షణలో వాకర్టన్ గురించి మాట్లాడకుండా క్లాసు మొదలవదు.

ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊరు అది. 2000 మే నెలలో పెద్ద వాన కురిసింది. పశువుల పేడ వేసిన పొలం పక్కనే ఊరి బావి ఒకటి ఉంది, లోతు తక్కువ. ఆ వాన నీటితో ఈ.కోలై బావిలోకి దిగింది. క్లోరిన్ సరిగా వేసి, రోజూ కొలిచి ఉంటే ఆపగలిగేవారు. కానీ ఆ ఆపరేటర్లు ఏళ్ల తరబడి కొలవకుండానే రిజిస్టర్లో అంకెలు రాసేవారు. ఏడుగురు చనిపోయారు. 2,300 మందికి పైగా జబ్బు పడ్డారు. కొందరు పిల్లలకి కిడ్నీలు జీవితాంతం దెబ్బతిన్నాయి.

నన్ను అన్నిటికన్నా కలచివేసేది మరొకటి. నీటిలో బ్యాక్టీరియా ఉందని ప్రైవేట్ ల్యాబ్ మే 17నే కనిపెట్టింది. ఆ రిపోర్టు నీళ్లు సరఫరా చేసేవాళ్లకే పంపింది. ఆరోగ్య శాఖకి పంపాలని అప్పటి నిబంధనల్లో లేదు. ఆరోగ్య శాఖ ఫోన్ చేసి అడిగితే నీళ్లు బాగున్నాయనే జవాబొచ్చింది. నీళ్లు కాచి తాగమని ఊరికి చెప్పింది మే 21న. ఆ నాలుగు రోజులూ ఊరంతా కుళాయి నీళ్లే తాగింది.

న్యాయ విచారణ తర్వాత 2002లో ఇక్కడ సురక్షిత తాగునీటి చట్టం వచ్చింది. ఇప్పుడు ఏ పరీక్ష తేడాగా వచ్చినా ల్యాబ్ ఒకేసారి సరఫరా విభాగానికీ, పర్యావరణ శాఖకీ, ఆరోగ్య అధికారికీ చెప్పి తీరాలి. నేను రోజూ క్లోరిన్ అంకె రాస్తూ సంతకం పెట్టేటప్పుడు, ఇది తప్పయితే జైలుకి వెళ్లేది నేనే అని తెలిసే పెడతాను. దాన్ని భారం అనుకోను. మా పిల్లలు తాగేదీ ఆ నీళ్లే.

మన దగ్గర కూడా ల్యాబ్ రిపోర్టు నీళ్లు ఇచ్చే ఆఫీసుకే పోతే, దాన్ని బయటపెట్టాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. మీరు పట్టుకోవాల్సిన పాయింటు అదేనని నా అభిప్రాయం.

కోర్టుమెట్లు | జూలై 7, సాయంత్రం 5:48

వకీలుగా ఒక మాట. ల్యాబ్‌బల్ల గారు చెప్పిన ఐఎస్ 10500 మంచి ప్రమాణం. చిక్కేమిటంటే, మున్సిపాలిటీ ఆ ప్రమాణం తప్పితే ఫలానా శిక్ష అని నేరుగా చెప్పే తాగునీటి చట్టం మనకి లేదు. అది స్వచ్ఛందంగా పాటించే ప్రమాణంగానే ఉంటూ వచ్చింది. పథకాల మార్గదర్శకాల్లో ఆ ప్రమాణం ప్రకారం నీళ్లివ్వాలని రాస్తారు. మార్గదర్శకాన్ని మీరితే మెమో వస్తుంది, చట్టాన్ని మీరితే కేసు వస్తుంది. ఆ తేడా పెద్దది. 2019 నవంబర్‌లో కేంద్రం నగరాల కుళాయి నీళ్ల నమూనాల ఫలితాలు బయటపెట్టింది. ముంబైలో తీసిన పదీ పాసయ్యాయి, ఢిల్లీలో తీసిన పదకొండూ ఫెయిలయ్యాయి. అప్పుడు ఈ ప్రమాణాన్ని తప్పనిసరి చేయాలన్న చర్చ గట్టిగా నడిచింది.

అలాగని చేతిలో ఏమీ లేదని అనుకోవద్దు. మన ప్రాంతం నుంచే వెళ్లిన కేసు ఒకటుంది. హైదరాబాద్ జంట జలాశయాల దగ్గర ఆముదం ఆధారిత రసాయనాల ఫ్యాక్టరీ పెట్టాలని ఒక కంపెనీ వస్తే, కాలుష్య నియంత్రణ మండలి వద్దంది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కేసులో 2000లో ఇచ్చిన తీర్పులో కోర్టు, తాగునీరు అందుకోవడం జీవించే హక్కులో భాగమని, దాన్ని కాపాడటం ప్రభుత్వ బాధ్యత అని చెప్పింది. జలాశయాల చుట్టూ ఉన్న నిషేధం నుంచి ఒక్క పరిశ్రమకి మినహాయింపు ఇవ్వడాన్నీ తప్పుపట్టింది.

మీరు చేయాల్సింది చెబుతాను. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, మీ వార్డులో గత ఆరు నెలల్లో ఏయే కుళాయిల దగ్గర క్లోరిన్, బ్యాక్టీరియా పరీక్షలు చేశారో, తేదీ, స్థలం, ఫలితంతో సహా అడగండి. "నీళ్లు బాగున్నాయా" అని అడగకండి, అభిప్రాయానికి జవాబు ఇవ్వనక్కర్లేదు. రికార్డు కాపీలు అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి.

పురానాపూల్_వాసి | జూలై 7, రాత్రి 9:30

కోర్టుమెట్లు గారు జంట జలాశయాల సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. 1908 మూసీ వరద తర్వాత కట్టినవి అవి. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. చుట్టూ పది కిలోమీటర్ల దాకా కాలుష్య పరిశ్రమలు, పెద్ద కట్టడాలు రాకుండా 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కాబట్టి వీటి అవసరం తగ్గిందని వాదన. నాకు మాత్రం దగ్గర్లో ఉన్న మంచి చెరువుని వదులుకుని, వంద కిలోమీటర్లకి పైగా దూరం నుంచి పంపుచేసే నీళ్ల మీదే బతకడం తెలివైన పని అనిపించదు. ఫిల్టర్ బెడ్ కన్నా ముందు కాపాడాల్సింది చెరువునే కదా.

2009 మేలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి జనం చనిపోయిన రోజులు నాకు బాగా గుర్తు. ఆస్పత్రి వరండాలో మనుషుల్ని పడుకోబెట్టిన తీరు మర్చిపోలేను. 2018లో గుంటూరులో కూడా అలాగే అతిసారం వచ్చి ప్రాణాలు పోయాయి.

శ్రీను_విజయవాడ | జూలై 7, రాత్రి 10:02

వాకర్టన్ గురించి చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఇంట్లో టిన్ను నీళ్లు కొనగలం. మా పనమ్మాయి కుళాయి నీళ్లే తాగుతుంది. రేపు మా టిన్ను నీళ్లు కూడా పరీక్ష చేయిస్తాను.

వార్డు_ఉద్యోగి | జూలై 8, ఉదయం 7:25

నేను ఒక మున్సిపాలిటీలో వార్డు అమెనిటీస్ సెక్రటరీని, అంటే వార్డులో నీళ్లు, వసతుల పనులు చూసే ఉద్యోగిని. పేరు, ఊరు చెప్పలేను, ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ట్యాంకు దగ్గర డోసు పెంచితే మొదటి వీధులవాళ్లు బ్లీచింగ్ వాసన వస్తోందని, నీళ్లు తాగలేమని గొడవ చేస్తారు. తగ్గిస్తే చివరి వీధికి అందదు. మా దగ్గర బ్లీచింగ్ పౌడర్ బస్తా విప్పి ఎండలో, తేమలో ఉంచేస్తే దాని బలం పోతుంది. కొత్తదాంట్లో క్లోరిన్ మూడో వంతు దాకా ఉంటుంది, పాతబడితే అందులో సగం కూడా ఉండదు. కానీ మేము కలిపే కొలత మాత్రం అదే డబ్బా. ఇది తప్పని నాకు తెలుసు. మధ్యలో ఇంకో చోట క్లోరిన్ కలిపే ఏర్పాటు ఉంటే బాగుంటుంది.

మరో విషయం ప్రజలూ ఒప్పుకోవాలి. చాలా ఇళ్ల కనెక్షన్ పైపులు సైడు కాలువలోంచే వెళతాయి. కనెక్షన్ ఇచ్చేటప్పుడు అదే దగ్గర దారి. ఇనుప పైపు మురుగులో పదేళ్లు నానితే తుప్పు పట్టి చిల్లు పడుతుంది. మెయిన్ లైను మేము మార్చినా ఆ ఇంటి పైపు మారదు. టీచర్ గారూ, ఆఫీసులో తగవు పడే ముందు మీ వీధి ఫిట్టర్‌ని తీసుకుని, నీళ్లు వదిలే టైమ్‌లో కాలువ వెంట ఒకసారి నడవండి. బుడగలు వచ్చే చోటు కనిపిస్తుంది.

కాలవగట్టు | జూలై 8, రాత్రి 8:50

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. వార్డు ఉద్యోగి గారూ, మీరు నిజం చెప్పినందుకు ప్రత్యేకంగా మీకు. సమాచార హక్కు దరఖాస్తు ఇవాళ ఇచ్చాను. రేపు పొద్దున ఫిట్టర్ వస్తానన్నాడు.

కాలవగట్టు | జూలై 19, రాత్రి 9:35

పది రోజులు రాయలేకపోయాను. జరిగినది వరసగా చెబుతాను.

ఫిట్టర్, నేను, వీధిలో ఇంకో ముగ్గురు కలిసి నీళ్లు వదిలే టైమ్‌లో సైడు కాలువ వెంట నడిచాం. కల్వర్టు దగ్గర మురుగులో రెండు చోట్ల బుడగలు కనిపించాయి. పద్నాలుగు ఇళ్ల పైపులు ఆ మురుగులో మునిగి ఉన్నాయి, అందులో మాది కూడా ఒకటి. మా ఇంటి పైపే చిల్లు పడి ఉంది. ఇన్నాళ్లూ మా అత్తగారు తాగిన నీళ్లు ఆ చిల్లు మీదుగా వచ్చినవే. ఆ చిల్లు చూశాక ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను.

సోమవారం గ్రీవెన్స్‌లో పద్నాలుగు ఇళ్ల సంతకాలతో అర్జీ ఇచ్చాం. రోడ్డు తవ్వి, మెయిన్ నుంచి సైడు కాలువ పైభాగాన పైపు దాటించే పని మున్సిపాలిటీవాళ్లు చేశారు. ఇంటి వైపు ప్లాస్టిక్ పైపు ఖర్చు మేము పెట్టుకున్నాం. ఇద్దరికి కష్టమైతే మిగతా ఇళ్లవాళ్లు సర్దారు. నేరుగా మోటారు బిగించిన ఇళ్లు మూడున్నాయి. వాళ్లతో మాట్లాడటం అన్నిటికన్నా కష్టమైంది. ఇద్దరు తీసేశారు. మూడో ఆయన సంపు కట్టించుకుని దాంట్లోంచి లాగుకుంటానన్నారు, ఇంకా కట్టలేదు.

డీపీడీ కిట్ తెచ్చాను. పని పూర్తయ్యాక మొదటి రోజు 0.1 వచ్చింది. తర్వాత నాలుగు రోజులు 0.2, 0.3 మధ్య. నిన్న వాన పడింది, మళ్లీ 0.1కి దిగింది. వెంటనే ఫోన్ చేశాను. ఇవాళ పొద్దున 0.3.

ల్యాబ్‌బల్ల | జూలై 19, రాత్రి 10:10

చాలా మంచి పని చేశారమ్మా. వాన పడిన రోజు తగ్గిందంటే ఆ లైనులో ఇంకెక్కడో చిన్న చిల్లు ఉండొచ్చు, లేదా చెరువు నీరు మడ్డిగా మారి ఎక్కువ క్లోరిన్ పీల్చుకుని ఉండొచ్చు. ఈసారి వాన పడగానే మీ తోటి టీచర్ ఇంట్లో కూడా అదే గంటలో కొలవండి. అక్కడ కూడా తగ్గితే చెరువు, తగ్గకపోతే లైను. బ్యాక్టీరియా పరీక్షకి నమూనా మాత్రం ఉడికించి శుభ్రం చేసిన సీసాలో పట్టి, ఐస్ పెట్టెలో, అదే రోజు ల్యాబుకి చేర్చాలి. సీసా ల్యాబువాళ్లే ఇస్తారు, అడగండి.

కిట్అక్క | జూలై 20, ఉదయం 6:30

టీచర్ గారూ, ఆ అంకెలు మీ పుస్తకంలోనే ఉంచుకోకండి. వీధి మొదట్లో ఏదైనా గోడ చూడండి.

కాలవగట్టు | జూలై 20, రాత్రి 9:05

గోడ దొరికింది అక్కా. కిరాణా కొట్టాయన తన షాపు పక్క గోడ ఇచ్చారు. మా ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు వంతులు వేసుకున్నారు. నేను పక్కనే ఉండి చూస్తాను, కొలిచేది, రాసేది వాళ్లు. తేదీ, టైమ్, ఎవరి కుళాయి, ఎంత అని నాలుగు గడులు గీశారు. ఇవాళ మొదటి వరస రాశారు: జూలై 20, ఉదయం 6:20, కల్వర్టు పక్కిల్లు, 0.3.

సమాచార హక్కు జవాబు ఇంకా రాలేదు. ఆగస్టు 7తో ముప్పై రోజులు అవుతాయి. రాగానే ఇక్కడే పెడతాను.